కలలో తెలివి

బరంపురం, పర్లాకిమిడి వైపు మన ఇళ్లలో పొద్దున్నే పెద్దవాళ్లు "తెలివొచ్చిందా?" అని అడిగితే, బుద్ధి వచ్చిందా అని కాదు అర్థం, నిద్ర లేచావా అని. మిగతా చోట్ల ఈ మాట స్పృహ తప్పినవాళ్ల విషయంలోనే ఎక్కువగా వినిపిస్తుంది. "ఆపరేషన్ అయింది గాని ఇంకా తెలివి రాలేదు" అంటారు. ఈ మాట వేరులో ఉన్న అర్థం తేట, తెలుపు. తెల్లవారడం, తేటపడడం, తెలియడం, తెలివి రావడం అన్నీ ఒక కొమ్మ పువ్వులే.

ఈ మాటతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. 1913లో ఫ్రెడెరిక్ వాన్ ఈడెన్ అనే డచ్చి వైద్యుడు ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో ఒక రకం కలలకు ఇంగ్లీషులో "లూసిడ్ డ్రీమ్" అని పేరు పెట్టాడు. లూసిడ్ అంటే తేటగా ఉన్నది. మనిషి గాఢంగా నిద్రపోతూనే ఉంటాడు, కల నడుస్తూనే ఉంటుంది, కాని ఆ కలలోనే "ఇది కల" అని అతనికి తెలుస్తూ ఉంటుంది. ఆ పేరే ఇప్పుడు ప్రపంచమంతా చెల్లుతున్నది. తెలుగులో దానికోసం సంస్కృత సమాసం కట్టనక్కరలేదు. తెలివి కల అంటే సరిపోతుంది. తేట, మెలకువ, ఎరుక మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

చిన్నతనంలో ఇది చాలామందికి అనుభవమే. ఎక్కడినుంచో పడిపోతూ ఉంటాం, ఏదో తరుముకొస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి "ఓహో, ఇది కలే కదా" అనిపిస్తుంది. ఆ క్షణంలోనే మెలకువ వచ్చేస్తుంది, పొద్దున్నకి మరిచిపోతాం. ఆ ఎరుకను కలలో నిలుపుకున్నవాళ్లు, కావాలని రప్పించుకున్నవాళ్లు చరిత్రలో కొందరున్నారు. వాళ్లు పట్టిన ఉపాయం ఒక్కటే: నిద్రపోయే ముందు మనసులో ఒక చిత్రాన్నో ఒక తలపునో నిలుపుకోవడం. వాళ్లకు ఎదురైన చిక్కు కూడా ఒక్కటే: నిద్రపోయినవాడి సాక్ష్యాన్ని ఎవరు నమ్ముతారు?

పాత ఆనవాళ్లు

అరిస్టాటిల్ కలల మీద రాసిన చిన్న గ్రంథంలో, నిద్రలో ఉన్నవాడికి తాను చూస్తున్నది కల అని లోపల ఏదో చెబుతూ ఉంటుందని అన్నాడు. క్రీస్తుశకం 5వ శతాబ్దం తొలినాళ్లలో సెయింట్ అగస్టీన్ తన ఉత్తరం ఒకదానిలో, కార్తేజిలోని జెన్నాడియస్ అనే వైద్యుడి కల చెప్పాడు. కలలో ఒక యువకుడు కనిపించి "ఇప్పుడు నీ శరీరం ఎక్కడుంది?" అని అడుగుతాడు. "నా పడకమీద" అంటాడు వైద్యుడు. "మరి నీ కళ్లు మూసి ఉన్నాయి కదా, నన్ను ఏ కళ్లతో చూస్తున్నావు?" అంటాడు యువకుడు. వైద్యుడి దగ్గర జవాబు లేదు. అగస్టీన్‌కు కావలసింది ఆత్మ నిలిచే ఉంటుందని చెప్పడం. మనకు కావలసింది కలలోనే ఆ ప్రశ్న పుట్టడం.

మన దగ్గర ఈ విచారం ఇంకా పాతది. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు జనకుడికి చెబుతాడు: కలలో రథాలు లేవు, గుర్రాలు లేవు, దారులు లేవు, చూసేవాడే వాటిని కల్పించుకుంటాడు అని. మాండూక్యం జాగ్రత్ స్వప్న సుషుప్తులను వరసగా పెట్టి, వాటిని దాటిన నాలుగోదాన్ని చూపింది. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో, స్వప్ననిద్రల జ్ఞానం కూడా మనసు నిలపడానికి ఆధారం కాగలదని ఒక సూత్రం ఉంది. అయితే మన ఇళ్లలోకి వచ్చింది ఈ విచారం కాదు, స్వప్నఫలం. పాము కనబడితే ఏమిటి, పళ్లు రాలితే ఏమిటి అని పంచాంగం తిరగేయడం మనకు తెలుసు. కల ఏం తెస్తుందని అడిగాం గాని, కల కంటున్నది ఎవరని అడగడం పండితులకే వదిలేశాం.

ఆ ప్రశ్నను సాధనగా మార్చుకున్నవాళ్లు టిబెట్టు బౌద్ధులు. 11వ శతాబ్దంలో భారతదేశపు సిద్ధుడు నారోపా నుంచి మార్పా అనే టిబెట్టు శిష్యుడు నేర్చుకుని పట్టుకెళ్లిన ఆరు యోగాల్లో ఒకటి స్వప్నయోగం. పగలంతా "ఇదీ కలే" అనుకుంటూ తిరగాలి. రాత్రి పడుకున్నాక కంఠం దగ్గర ఎర్రని బీజాక్షరం వెలుగుతున్నట్టు భావించి, ఆ చిత్రాన్ని వదలకుండా నిద్రలోకి జారాలి. కలలో ఎరుక కలిగాక మంటలు కనబడితే వాటి మీద నడవాలి. చిన్నదాన్ని పెద్దది చేయాలి, పెద్దదాన్ని చిన్నది చేయాలి. వినోదం కోసం కాదు. కల ఎంత వట్టిదో తెలిస్తే పగటి ప్రపంచం మీది భయమూ మోజూ సడలుతాయని వాళ్ల ఉద్దేశం. ఈ యోగాల మీద వ్యాఖ్య రాసినవాళ్లలో చోంఖాపా (1357-1419) ముఖ్యుడు. ఆయన పరంపరకు చెందిన సెరా మఠం, టిబెట్టు వదిలి వచ్చాక, మైసూరు జిల్లా బైలకుప్పెలో మళ్లీ వెలిసింది. కర్ణాటకలోని మన పాఠకులకు ఈ విద్య పొరుగూరిదే.

ఇరవై రెండు నోటుపుస్తకాలు

గురువు లేకుండా, మతం ఊసు లేకుండా, వట్టి కుతూహలంతో ఈ దారిన పోయినవాడు ఫ్రాన్సులో ఒకడున్నాడు. మార్క్విస్ ఎర్వే ద సాన్ దెనీ (1822-1892) చైనా భాషా పండితుడు. థాంగ్ యుగపు కవిత్వాన్ని 1862లో ఫ్రెంచిలోకి తెచ్చాడు. 1874లో పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌లో చైనీస్ ఆచార్యుడయ్యాడు. పదమూడేళ్లు నిండిన వయసులో, ఊసుపోక, తన కలల్లో ఒకదాన్ని బొమ్మ గీశాడు. అది అలవాటైంది. అయిదేళ్లకు పైగా సాగి, రంగుల బొమ్మలతో ఇరవై రెండు నోటుపుస్తకాలు, 1,946 రాత్రుల కలలు పోగయ్యాయి.

రోజూ రాస్తున్న కొద్దీ కలలు ఎక్కువ గుర్తుండసాగాయి. 207వ రాత్రి మొదటిసారిగా కలలోనే "ఇది కల" అని తెలిసింది. ఆరు నెలలకు అయిదు రాత్రుల్లో రెండు రాత్రులు, ఏడాదికి నాలుగు రాత్రుల్లో మూడు రాత్రులు అలా తెలిసేదని లెక్క రాసుకున్నాడు. ఈ లెక్క చూస్తే మర్మం సగం విప్పినట్టే. పగటిపూట కలల మీద మనసు పెడితే, ఆ అలవాటు కలలోకి కూడా వెంట వస్తుంది. కలలో కూడా "ఇది రాసుకోవాలి" అనే తలపు కలుగుతుంది, ఆ తలపే ఎరుకకు తలుపు తీస్తుంది.

తన మీదే అతను చేసిన ప్రయోగాలు ముచ్చటైనవి. వివారె కొండప్రాంతానికి వెళ్లినప్పుడు ఒక కొత్త అత్తరు కొని, అక్కడున్నన్నాళ్లూ అదే వాడి, తిరిగొచ్చేటప్పుడు సీసా మూసేశాడు. కొన్ని నెలలు గడిచాక, తనకు చెప్పకుండా ఏదో ఒక రాత్రి తలగడ మీద నాలుగు చుక్కలు చల్లమని నౌకరుతో అన్నాడు. ఆ రాత్రి కలలోకి వివారె కొండలు వచ్చాయి. మరోసారి, నాట్యసభల్లో వాద్యబృందం నాయకుడితో మాట్లాడుకుని, ఒకామెతో నాట్యమాడేటప్పుడల్లా ఒక పాట, ఇంకొకామెతో ఆడేటప్పుడల్లా వేరే పాట వాయింపించాడు. తర్వాత నిద్రలో తనకు తానే మోగే సంగీతపు పెట్టెలో ఆ పాట పెట్టుకున్నాడు. ఏ పాట మోగితే ఆమె కలలోకి వచ్చింది.

అన్నిటికంటె మనసుకు పట్టేది అతని పీడకల. ఘోరమైన రూపాలు వెంటబడతాయి. గదిలోంచి గదిలోకి తలుపులు తీసుకుంటూ పరుగెత్తాలి. ఒక తలుపు మూసేలోగా వెనకవాళ్లు దాన్ని తీస్తూ ఉంటారు. ఆరు వారాల్లో ఇది నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి, ఇక పట్టుబడతాననుకున్న సమయంలో, అతనికి తెలివి వచ్చింది, కలలోనే. పారిపోవడం మానేశాడు. గోడకు వీపు ఆనించి నిలబడి, అన్నిటికంటె ముందున్న భూతాన్ని పరకాయించి చూశాడు. చూస్తున్న కొద్దీ అది వివరాలుగా విడిపోయి, పసలేనిదైపోయింది. ఆ కల మళ్లీ రాలేదు. మంటల మీద నడవమన్న టిబెట్టు గురువుల మాట అతను వినలేదు. భయానికి ఎదురు నిలవడం తనంతట తనే నేర్చుకున్నాడు.

1867లో "కలలు, వాటిని నడిపే ఉపాయాలు" అన్న అర్థం వచ్చే పేరుతో ఈ సంగతులన్నీ పుస్తకంగా వేశాడు. ముఖపత్రం మీద తన పేరు వేసుకోలేదు. పుస్తకం ఎంత అరుదైపోయిందంటే, 1900లో కలల మీద తన మహాగ్రంథం రాసిన ఫ్రాయిడ్‌కు ఎంత వెతికినా ప్రతి దొరకలేదు.

డచ్చి వైద్యుడు

వాన్ ఈడెన్ (1860-1932) మనోవైద్యుడే కాదు, పేరున్న కవి, నవలాకారుడు. ఠాగూరు గీతాంజలిని డచ్చి భాషలోకి తెచ్చింది ఆయనే. 1898 జనవరి 20 నుంచి 1912 డిసెంబరు 26 దాకా వచ్చిన తెలివి కలలు 352 విడిగా రాసిపెట్టుకున్నాడు.

వాటిలో మొదటిది చాలా చిన్నది. తోటలో, తన చదువుకునే గది కిటికీ ముందు బోర్లా పడుకుని ఉన్నాడు. అద్దంలోంచి కుక్క కళ్లు కనబడుతున్నాయి. అదే సమయంలో తాను నిజానికి పడకమీద వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడనీ తెలుసు. సరే, నెమ్మదిగా లేస్తూ, బోర్లా ఉన్నట్టున్న ఒళ్లు వెల్లకిలా ఎలా మారుతుందో చూద్దామనుకున్నాడు. చూశాడు కూడా. ఒక శరీరంలోంచి ఇంకొక శరీరంలోకి జారినట్టుందని రాశాడు.

1904లో మరో కలలో ఒక గాజుగ్లాసును పిడికిలితో గట్టిగా కొట్టాడు. పగలలేదు. కాసేపాగి చూస్తే పగిలి ఉంది. సమయం తప్పి రంగం మీదికి వచ్చిన నటుడిలా, కల ఒక్క క్షణం ఆలస్యంగా పనిచేసిందని నవ్వుకున్నాడు. పరిశీలకుడంటే ఇలా ఉండాలి. తన అనుభవాన్ని నెత్తిన పెట్టుకోలేదు, దానిలోని అతుకు ఎక్కడుందో వెతికాడు.

తన తెలివి కలలన్నీ తెల్లవారుజామున 5 గంటల నుంచి 8 గంటల లోపలే వచ్చాయనీ ఆయన గుర్తించాడు. ఎందుకో అప్పటికి ఎవరికీ తెలియదు.

కళ్లు చెప్పిన సాక్ష్యం

ఈ ఇద్దరినీ లోకం నమ్మిందా అంటే, లేదు. ఎర్వే కాలంలోనే ఆల్ఫ్రెడ్ మోరీ అనే ఫ్రెంచి పండితుడు ఇలాంటివి నిజమైన నిద్ర కావన్నాడు. 1959లో నార్మన్ మాల్కమ్ అనే తత్త్వవేత్త ఇంకా ముందుకు పోయాడు. "నేను నిద్రపోతున్నాను" అని నిద్రలో నిర్ణయించుకోవడమన్న మాటకే అర్థం లేదని వాదించాడు. వాదం తీసివేయదగ్గది కాదు. నిద్ర లేచినవాడు చెప్పేది జ్ఞాపకం. ఆ జ్ఞాపకం నిద్రలోదో, లేచే క్షణాన అల్లుకున్నదో తేల్చేదెలా?

దారి వేరేచోట నుంచి తెరుచుకుంది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో ఎసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో కొన్ని వేళల్లో మూసిన రెప్పల కింద కళ్లు చురుగ్గా కదులుతాయనీ, అప్పుడు లేపితే కల వస్తోందని చెప్పేవాళ్లు ఎక్కువమందనీ కనుగొన్నారు. దీన్నే రెమ్ నిద్ర అంటారు. ఆ వేళ కాళ్లూ చేతులూ దాదాపు చచ్చుబడి ఉంటాయి. లేకపోతే కలలో పరుగెత్తేవాళ్లమంతా మంచం దిగి పరుగెత్తేవాళ్లం. కళ్లకు మాత్రం ఆ కట్టు లేదు. పైగా ఈ నిద్ర రాత్రి గడిచే కొద్దీ ఎక్కువసేపు ఉంటుంది, తెల్లవారుజామున మరీ ఎక్కువ. వాన్ ఈడెన్ గడియారపు లెక్కకు కారణం ఇదే.

కళ్లు కదిలించగలిగితే, కబురు కూడా పంపవచ్చు కదా! ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్‌కు తట్టిన ఆలోచన ఇది. ఆలన్ వర్స్లీ అనే అతనికి తరచూ తెలివి కలలు వచ్చేవి. కలలో ఎరుక రాగానే కళ్లను ఎడమకూ కుడికీ ఎనిమిదిసార్లు తిప్పాలని ముందే మాట అనుకున్నారు. 1975 ఏప్రిల్ 12 ఉదయం, వర్స్లీ నిద్రపోతూ ఉండగానే, యంత్రం కాగితం మీద ఆ గీతలు పడ్డాయి. మెదడు గీతలు నిద్రే అంటున్నాయి, కంటి గీతలు "నాకు తెలుసు" అంటున్నాయి. నిద్రపోతున్న మనిషి మెలకువగా ఉన్న మనిషికి పంపిన మొదటి కబురు అది.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబర్జ్, హెర్న్ సంగతి తెలియకుండానే, అదే పద్ధతి పట్టి 1980లో డాక్టరేటు వ్యాసం పూర్తిచేశాడు. ఆయన వ్యాసాన్ని పేరున్న పత్రికలు మొదట తిప్పి పంపాయి. 1981లో వేరొక పత్రికలో వెలువడింది. కలలోకి వెళ్లినవాళ్లచేత కంటి సైగ చేయించి, పది సెకన్లు లెక్కపెట్టించి, మళ్లీ సైగ చేయిస్తే, కలలో పది సెకన్లు బయటి పది సెకన్లకు దగ్గరగానే ఉన్నాయి. మోరీకి ఒకప్పుడు ఫ్రెంచి విప్లవకాలపు విచారణ, మరణశిక్ష, గిలటిన్ వేటు అన్నీ ఉన్న పెద్ద కల వచ్చింది. లేచి చూస్తే మంచం కడ్డీ మెడమీద పడి ఉంది. కడ్డీ తగిలిన క్షణంలోనే అంత కలా పుట్టిందని ఆయన నమ్మాడు. కంటి సైగల లెక్క చూశాక ఆ నమ్మకం నిలవలేదు.

2021లో అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల నాలుగు పరిశోధక బృందాలు కలిసి ఒక వ్యాసం ప్రకటించాయి. ఈసారి కబురు రెండువైపులా నడిచింది. కలలో ఉన్నవాణ్ణి బయటినుంచి "ఎనిమిదిలోంచి ఆరు పోతే?" అని అడిగారు. కళ్లు రెండుసార్లు కదిలాయి. మొత్తం 36 మంది, 158 ప్రయత్నాలు, వాటిలో సరైన జవాబులు 18.4 శాతం. తక్కువే. అయితే మాల్కమ్ వాదం కూలడానికి ఒక్క జవాబు చాలు.

నిద్ర అంచున చిత్రం

ఇక ఉపాయం సంగతి. లబర్జ్ తన మీద తానే సాధన చేసి కట్టిన పద్ధతి ఇది. తెల్లవారుజామున కలలోంచి మెలకువ రాగానే, వెంటనే లేవకుండా, ఆ కలను మొదటినుంచి చివరిదాకా నెమరు వేసుకోవాలి. తిరిగి నిద్రకు ఒరుగుతూ, "ఈసారి కల వచ్చినప్పుడు అది కలని గుర్తు తెచ్చుకుంటాను" అనుకోవాలి. ఊరికే అనుకుంటే చాలదు. ఇప్పుడే వచ్చిన కలలో మళ్లీ ఉన్నట్టు, అక్కడి వింత ఒకదాన్ని చూసి "ఇది కల" అని పోల్చుకున్నట్టు మనసులో చూడాలి. పోయిన మనిషి పలకరించడమో, మన ఇంట్లో లేని మేడమెట్లో, ఏదైనా సరే. తలపు, చిత్రం రెండూ కలిసి కుదురుకునేదాకా ఇలా చేస్తూ నిద్రలోకి పోవాలి.

ఇందులో మంత్రం లేదు. మందుల దుకాణం దాటుతున్నప్పుడు అమ్మకు మాత్రలు కొనాలని ఇంట్లోనే అనుకుని బయలుదేరతాం. దుకాణం కనబడగానే గుర్తొస్తుంది. ముందుగా పెట్టుకున్న జ్ఞాపకం అది. ఇక్కడ దుకాణం బదులు కలలోని వింత. పూజకు ముందు సంకల్పం చెప్పుకునేవాళ్లం మనం. చేయబోయేది ఏమిటో చేసేముందు చెప్పుకోవడంలో ఉన్న బలం మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు.

ఫలితం గురించి మాత్రం పెద్ద ఆశలు పెట్టకూడదు. ఆస్ట్రేలియాలో అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెన్‌హామ్ ఆస్పీ 2017లో ప్రకటించిన పరిశీలనలో, అయిదు గంటల నిద్ర తర్వాత లేచి ఈ పద్ధతీ, పగటిపూట "ఇది కలా, నిజమా" అని పరీక్షించుకోవడమూ కలిపి చేసినవాళ్లు 47 మంది. వారంలో వాళ్ల ప్రయత్నాలు ఫలించింది 17 శాతం. సాధన ముగించిన అయిదు నిమిషాల్లో నిద్ర పట్టినవాళ్లకు అది 46 శాతం దాకా వెళ్లింది. ఎంతసేపు చేశామన్నదానికంటె, నిద్ర అంచుకు ఎంత దగ్గరగా చేశామన్నది ముఖ్యమని దీన్నిబట్టి అనుకోవచ్చు. కంఠం దగ్గరి అక్షరాన్ని వదలకుండా నిద్రలోకి జారమన్న టిబెట్టువాళ్ల మాట కూడా ఇదే కదా.

హెచ్చరిక కూడా అవసరం. నిద్ర మధ్యలో లేవడం రోజూ పనికిరాదు, పగలు పనిచేసుకునేవాళ్లకు అసలే పనికిరాదు. ఒక్కోసారి మెలకువ వచ్చినా ఒళ్లు కదలక భయం పుట్టవచ్చు. కలకూ నిజానికీ తేడా తెలియని మానసిక వ్యాధి ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. పీడకలలతో బాధపడేవాళ్లకు ఇది ఉపకరిస్తుందన్న ఆశతో వైద్యులు పరిశీలిస్తూనే ఉన్నారు. గోడకు వీపు ఆనించి నిలబడ్డ ఎర్వే వాళ్లందరికీ ముందున్నవాడు.

చివరికి ఒక చిన్న మాట. నిద్ర అంచున అనుకోవలసిన ఆ వాక్యం ఏ భాషలో అనుకోవాలని ఎవరైనా నన్నడిగితే, ఆ వేళకు అందరికంటె ముందు అందే భాషలో అంటాను. పగలంతా కన్నడంలోనో, ఒడియాలోనో, తమిళంలోనో, మరాఠీలోనో బతుకు నడిపే మనకు, దీపం ఆర్పాక నోటికి ఏ భాష వస్తుందో ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు. అది తెలుగే అయితే వాక్యం కష్టపడి కట్టుకోనక్కరలేదు. "కలలో నాకు తెలివి రావాలి" అనుకుంటే చాలు. బరంపురంలో పెద్దవాళ్లు పొద్దున్నే అడిగే ప్రశ్నకు, ఒక్కోసారి రాత్రే జవాబు చెప్పుకోవచ్చు.